చీటీ పాడి సముద్రపు దొంగల ఓడ కొనొచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తున్నాను. చేతికి నెలకు 58 వేలు వస్తుంది. మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్, జీతం 22 వేలు. కొర్లగుంటలో అద్దె ఇల్లు. పాపకు ఏడేళ్ళు. చిన్నప్పుడు మేనమామ కువైట్ నుంచి తెచ్చిన లెగో పడవతో (ప్లాస్టిక్ ముక్కలు ఒకదానికొకటి తగిలించి కట్టే బొమ్మ) పట్టుకున్న పిచ్చి నాది. చదువుల్లో పడి మర్చిపోయాను, లాక్‌డౌన్‌లో మళ్ళీ మొదలైంది. సముద్రపు దొంగల సెట్లంటే ప్రాణం. చెన్నై, బెంగళూరుల్లో నాలాంటి వాళ్ళు ఒక బృందంగా ఉన్నారు, నేనూ అందులో ఉన్నాను. ఆ బృందంలోనే ఒకరు సీలు విప్పని సెట్లు మూడు కలిపి 2 లక్షల 10 వేలకు ఇస్తానంటున్నారు. 2010 నాటి ఇంపీరియల్ ఫ్లాగ్‌షిప్ అనే ఓడ ఒకటి, 2020 నాటి బారకూడా బే రెండు. అయిదేళ్ళు దాచితే రెట్టింపు అవుతాయట. మా ఆవిడ పేరున పాప చదువు కోసం వేసిన 3 లక్షల చీటీ ఉంది, 20 నెలలది. ఈ నెల ఆరో పాట. 60 వేలు వదిలి పాడితే మనకే వస్తుంది. సెట్లు కూడా చివరికి పాప చదువుకే కదా అని నా ఆలోచన. ఇంట్లో ఇంకా చెప్పలేదు. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. టర్మ్ ఇన్సూరెన్స్ లేదు. ఇంకో సంగతి: అదే ఫ్లాగ్‌షిప్, విప్పి కట్టినది, డబ్బా లేకుండా 38 వేలకు ఇంకొకరు అమ్ముతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ పాడొద్దు. ఆ మూడు డబ్బాలూ కొనొద్దు. ఓడల మీద ఇష్టాన్ని మాత్రం వదులుకోవాల్సిన పని లేదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు చీటీ లెక్క చూద్దాం. దీన్ని మీరు మన డబ్బు అనుకుంటున్నారు. అందులో మీది కొంతే. ఈ నెల వాయిదాతో కలిపి ఆరు నెలలకు, డివిడెండ్ (పాటలో వదిలిన దాంట్లో మీ వాటా) పోగా సగటున 12,500 చొప్పున, మీరు కట్టింది 75 వేలు అనుకుందాం. 60 వేలు వదిలి పాడితే చేతికొచ్చేది 2 లక్షల 40 వేలు. అంటే 1 లక్షా 65 వేలు మిగతా సభ్యుల దగ్గర తెచ్చుకున్న అప్పు. ఇంకా 14 వాయిదాలు ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ పాటలో వదిలే మొత్తం తగ్గుతుంది, దాంతో డివిడెండూ తగ్గుతుంది. కాబట్టి సగటున 13,900 వేసుకున్నా ఇకపై మీరు కట్టేది 1 లక్షా 94 వేల పైమాటే. ‘ముప్పై వేలేగా ఎక్కువ’ అనుకోకండి. అసలు నెలనెలా తీరిపోతూ ఉంటుంది కాబట్టి, ఈ ముప్పై వేలను వడ్డీగా మారిస్తే నూటికి నెలకు రెండు రూపాయల పైనే పడుతుంది. ఏడాదికి 27 శాతం పైమాటే. బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చుకున్నా ఇంత పడదు.

ఇప్పుడు అవతలి వైపు. సెట్లు ఎంత పెరుగుతాయి? దీని మీద నిజంగానే పరిశోధన జరిగింది. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్ళు 1987 నుంచి 2015 దాకా మళ్ళీ అమ్ముడైన పాత లెగో సెట్ల ధరలు పరిశీలించారు. సగటు రాబడి ఏడాదికి 11 శాతం దాకా తేలింది. మీ బృందంలో ‘బంగారం కంటే లెగో మేలు’ అని ఎవరైనా అన్నారంటే ఇది చదివే అనుంటారు. కానీ అదే పరిశోధనలో విలువ పోగొట్టుకున్న సెట్లూ ఉన్నాయి, ఒక్కో సెట్టుకీ ఇంకోదానికీ పొంతనే లేదు. సగటు మీ మూడు డబ్బాలకు వర్తిస్తుందని హామీ ఎవరూ ఇవ్వరు. వర్తించినా, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఏడాదికి 11 శాతం సంపాదించడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

ఇక అయిదేళ్ళలో రెట్టింపు అన్న మాట. అలా కావాలంటే ఏటా దాదాపు 15 శాతం పెరగాలి. నిజంగా పెరిగేదైతే అమ్మే ఆయన ఈ రోజు ఎందుకు అమ్ముతున్నట్టు? ఆయన మోసగాడని అనడం లేదు, ఆయనకూ ఏదో అవసరం ఉండి ఉంటుంది. కాకపోతే దాచుకోమని సలహా ఇస్తున్నదీ, సరుకు అమ్ముతున్నదీ ఒకరే అయినప్పుడు ఆ సలహాను కాస్త దూరం పెట్టి చూడాలి.

సముద్రపు దొంగల సెట్ల చరిత్ర మీకు నాకంటే బాగా తెలుసు. అయినా డబ్బు కళ్ళతో ఒకసారి చూడండి. లెగో వాళ్ళు ఈ వరుసను 1989లో మొదలుపెట్టారు. ఒంటికన్ను గంత, కొక్కెం చెయ్యి, కర్రకాలు, మొహానికో తీరు ఉన్న బొమ్మలు అప్పుడే వచ్చాయి. 1997 తర్వాత ఆగిపోయింది. 2009లో, 2015లో మళ్ళీ వచ్చి కొద్ది కాలానికే పోయింది. ఇలా అరుదుగా రావడం వల్లే మీలాంటి వాళ్ళకు అంత ఆకలి, ధరలకు అంత ఊపు. కానీ ఆ ఊపు కంపెనీకి కూడా కనిపిస్తుంది. 1989 నాటి బ్లాక్ సీస్ బారకూడాను 2002లో మళ్ళీ విడుదల చేశారు. అదే ఓడను గుర్తుచేస్తూ, ఒక అభిమాని ఊహ ఆధారంగా, 2020లో 2,545 ముక్కల బారకూడా బే తెచ్చారు. మీకు రెండు డబ్బాలు అంటగడుతున్నది దాన్నే. 1989 నాటి ఎల్డొరాడో కోటకు 2023లో కొత్త రూపం ఇచ్చారు. రేపు ఇంపీరియల్ ఓడకూ అలా చేయరని ఎవరు చెప్పగలరు? అభిమానిగా మీరు అది రావాలని మొక్కుకుంటారు, దాచినవాడిగా రాకూడదని మొక్కుకోవాలి. ఒకే మనిషి ఈ రెండు మొక్కులూ మొక్కలేడు.

ఇంకో చిక్కుంది. సీలు విప్పని సెట్టుకు విలువ ముక్కల వల్ల ఎంతో, అట్టడబ్బా వల్ల కూడా అంతే. మూల నలిగినా ధర పడుతుంది. అద్దె ఇంట్లో అటక మీద, మన తిరుపతి మే నెల ఎండలో, చెదలకూ ఎలుకలకూ చిక్కకుండా అయిదేళ్ళు కాపాడాలి. మధ్యలో ఇల్లు మారితే మరీ కష్టం. పైగా ఒక కాలంలో వచ్చిన లెగో గోధుమరంగు ముక్కలు పెళుసుగా ఉండి, నొక్కితే పగులుతాయని కట్టే వాళ్ళందరికీ తెలిసిన ఫిర్యాదే. సముద్రపు దొంగల ఓడల్లో ఆ రంగు ముక్కలూ ఉంటాయి. సీలు విప్పకుండా లోపల ఏముందో మీరు చూడలేరు, రేపు మీ దగ్గర కొనేవాడూ చూడలేడు. అమ్మాలన్నా తిరుపతిలో కొనేవాళ్ళు దొరకరు. చెన్నైకో బెంగళూరుకో కొరియర్‌లో పంపాలి. పాప ఫీజు కట్టాల్సిన జూన్‌లో సరైన ధర ఇచ్చే మనిషి దొరక్కపోతే? బంగారమైతే గాంధీ రోడ్డుకు వెళ్తే సాయంత్రానికి డబ్బు చేతిలో ఉంటుంది.

చీటీ ఆవిడ పేరున ఉందన్నారు. పాడుకున్నాక డబ్బు ఇవ్వాలంటే ఆమె సంతకం కావాలి, కంపెనీ అడిగిన జామీనుదారులూ కావాలి. జామీను పెట్టమని బావమరిదినో తోటి టీచర్‌నో అడుగుతారు. దేనికి అంటే ఏం చెబుతారు? ఈ ప్రశ్నకు మొహమాటం లేకుండా జవాబు చెప్పలేని ఖర్చు దేన్నీ అప్పుతో చేయకూడదని నా అభిప్రాయం. ఇంట్లో ముందు చెప్పండి. చీటీ పాడాక తెలిస్తే గొడవ ఓడ గురించి ఉండదు, దాచిపెట్టడం గురించి ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ఇద్దరికీ కలిపి 80 వేలు వస్తుంటే బ్యాంకులో 40 వేలు మాత్రమే ఉండటం నాకు నచ్చలేదు. ఒక నెల జీతం ఆగితే చీటీ వాయిదా, అద్దె కట్టేసరికే అయిపోతాయి. కనీసం నాలుగు నెలల ఖర్చు చేరేదాకా కొత్త పెద్ద సెట్టు అనే మాటే ఎత్తొద్దు. టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. మీ వయసుకు, పొగతాగే అలవాటు లేకపోతే, కోటి రూపాయల కవర్‌కు ఏడాదికి 15 నుంచి 20 వేల ప్రాంతంలో ఉంటుంది. మూడు ఓడల ధరతో పోల్చితే ఇదేమీ పెద్ద మొత్తం కాదు. చీటీని చివరిదాకా ఉంచండి, ఆఖరి నెలల్లో ఎత్తుకుంటే దాదాపు మొత్తం చేతికొస్తుంది. పాపకు పదేళ్ళు దాటలేదు కాబట్టి పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు. 2024 జనవరిలో దాని వడ్డీని 8.2 శాతం చేశారు, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 250 రూపాయలతోనైనా మొదలవుతుంది. పెద్ద చదువుకు అదీ, దగ్గర్లో కట్టాల్సిన ఫీజులకు చీటీ డబ్బూ సరిపోతాయి.

మీ సరదాకు నెలకు 2,500 పక్కన పెట్టండి. ఏడాది రికరింగ్ డిపాజిట్ వేస్తే 30 వేలు, పైన కొంచెం వడ్డీ. దాంతో ఏం కొన్నా ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు, ఆవిడ ముందే ఒప్పుకుని ఉంటే. అది పెట్టుబడి కాదు, ఖర్చు. సినిమాకో తీర్థయాత్రకో పెట్టినట్టే ఇదీను, తిరిగి రావాలని ఆశ పెట్టుకోవద్దు. విదేశాల నుంచి తెప్పించే ముందు ఒక్క సంగతి: బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. ఆ తర్వాత మార్పులు ఉన్నా లేకపోయినా, అమెరికా ధర చూసి ఇక్కడి బడ్జెట్ వేయొద్దు. క్రెడిట్ కార్డు మీద బాకీ మిగిల్చి కొనడం సరేసరి, అది నెలకు నూటికి మూడు రూపాయలు దాటుతుంది.

ఖర్చు లేకుండా సరదా తీర్చుకునే దారి కూడా ఉంది. పాత సెట్లు ఎలా కట్టాలో చూపే పుస్తకాలు లెగో కంపెనీయే చాలావాటికి ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఇంట్లో ఉన్న ముక్కలతో, రంగు కుదరకపోయినా, 1989 నాటి ఓడను మీరూ పాపా కలిసి కట్టొచ్చు. తక్కువపడిన ముక్కలు విడిగా కొనుక్కోవచ్చు. మీ బృందం వల్ల అసలు లాభం అక్కడే ఉంది: ముక్కలు మార్చుకోవడం, కట్టినవి చూపించుకోవడం, ఎవరి దగ్గర ఏది మిగిలిందో తెలియడం. ఒకటి కట్టడానికి, ఒకటి దాచడానికి కొనే వాళ్ళు ఏ బృందంలోనైనా ఉంటారు. వాళ్ళకు ఆ డబ్బు పోయినా ఇల్లు నడుస్తుంది. వాళ్ళను చూసి మనం లెక్క వేసుకోకూడదు.

పన్ను గురించి అడగలేదు గానీ చెబుతాను. ఇంట్లో వాడుకునే వస్తువుగా ఒకటీ అరా సెట్టు అమ్మితే వచ్చిన లాభానికి సాధారణంగా పన్ను ఉండదు. కొనడం అమ్మడం అదే పనిగా చేస్తే వ్యాపారం కింద చూస్తారు. అప్పుడు ఆడిటర్‌ను కలవండి.

38 వేల ఫ్లాగ్‌షిప్ విషయం వేరు. అది దాచడానికి కాదు, కట్టుకోవడానికి. అందుకే దాని మీద నాకు అభ్యంతరం తక్కువ, కానీ ఇప్పుడు కాదు. రికరింగ్ డిపాజిట్ పూర్తయ్యాక, అత్యవసర నిధి నిండాక చూడండి. అది మొత్తం 1,664 ముక్కల సెట్టు. అప్పటికీ దొరికితే గోధుమరంగు ముక్కలు ఎన్ని పగిలాయో, తెరచాపలు, బొమ్మలు అన్నీ ఉన్నాయో లేదో వీడియోలో విప్పి చూపించమనండి, లోటున్న దానికి ధర తగ్గించమని అడగండి. అప్పటికి వేరేవాళ్ళు కొనేసుకుంటే కొనేసుకోనీయండి, ఏడాదిలో ఇంకొకరు తమది అమ్మకానికి పెడతారు.