మిద్దె మీది ఏరియల్‌కు గ్రహాంతర సంకేతం అందుతుందా?

ప్రశ్న: ‘కాంటాక్ట్’ (1997) చిత్రంలో హామ్ రేడియోతో (ఔత్సాహికులు సరదాగా నడుపుకునే సొంత రేడియోతో) మొదలుపెట్టిన బాలిక పెద్దయ్యాక గ్రహాంతర సంకేతాన్ని వింటుంది. ప్రొద్దుటూరులో మా మిద్దె మీద ఏరియల్ కట్టి నేనూ వినగలనా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: ఆ బాలిక డబ్ల్యూ9జీఎఫ్ఓ అనే కాల్ సైన్‌తో (రేడియోలో తనను గుర్తించే పేరుతో) విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడాలోని పెన్సకోలాతో మాట్లాడడంలో అతిశయోక్తి ఏమీ లేదు. సుమారు 30 మెగాహెర్ట్జ్ లోపు తరంగాలు వాతావరణపు పైభాగాన ఉన్న అయనోస్ఫియర్‌లో వంగి మళ్లీ నేలకు దిగుతాయి కాబట్టి, పరిస్థితులు అనుకూలిస్తే మీరూ ప్రొద్దుటూరు నుంచి సింగపూరును పలకరించవచ్చు. అయితే మన మాటను కిందికి దించే ఆ పొరే, అంతరిక్షం నుంచి వచ్చే అటువంటి తరంగాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే శాస్త్రవేత్తలు అంతకంటే ఎంతో ఎక్కువైన, హైడ్రోజన్ సహజంగా వెలువరించే 1420 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో వెతుకుతూ వచ్చారు. చిత్రంలోని సంకేతం ఆ సంఖ్యకు గణితంలోని ‘పై’ (సుమారు 3.14) రెట్ల వద్ద వినిపించడం కథకుల చమత్కారం, నాకైతే ముచ్చటగా తోచింది. ఆ సంకేతం వచ్చిన అభిజిత్ నక్షత్రం దాదాపు 25 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కనుక, ఒక్క పలకరింపుకు జవాబు రావడానికే సుమారు 50 ఏళ్లు పడుతుంది.

గ్రహాంతరవాసుల సంగతి అటుంచితే, మీటరు వెడల్పు డిష్, కంప్యూటర్‌కు తగిలించే చవక రిసీవర్, ఒక యాంప్లిఫయర్ ఉంటే పాలపుంతలోని హైడ్రోజన్ తరంగాలను మీ మిద్దె మీదనే పట్టవచ్చు. ప్రసారం చేయాలంటే మాత్రం పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ లైసెన్సు పొందాలి.