హెచ్‌సీఎం ఉన్నవాళ్లు వ్యాయామం చేయొచ్చా?

చేయొచ్చు; వంశపారంపర్యంగా గుండె కండరం మందమయ్యే ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఓ మోస్తరు వ్యాయామం మంచిదే, కాకపోతే ముందు కార్డియాలజిస్టు ఎకో, ట్రెడ్‌మిల్, హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదు చేసేది) పరీక్షలు చూసి సరేననాలి.

భయం ఎందుకంటే, పెద్దవాళ్లలో మామూలుగా 12 మిల్లీమీటర్లు దాటని ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే గుండె గది) గోడ వీళ్లలో సాధారణంగా 15 గానీ అంతకు మించి గానీ ఉంటుంది. కొందరిలో ఆ మందం రక్తం బయటికి పోయే దారికి అడ్డుపడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, పరుగెత్తి టక్కున ఆగినా గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, ఆ గది చిన్నదవుతుంది, ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. కళ్లు తిరిగేది అప్పుడే. ఊపిరి బిగబట్టి బరువులెత్తడమూ ఇదే కోవ.

మెటోప్రొలోల్ మాత్ర వాడుతున్న 40 ఏళ్ల మనిషికి డాక్టర్ నడకకు ఒప్పుకున్నారనుకోండి. 10 నిమిషాలు మెల్లగా, 20 నిమిషాలు కాస్త వేగంగా, ఆఖరి 10 నిమిషాలు మళ్లీ మెల్లగా. వాచీలో కనిపించే నాడి లెక్కను నమ్ముకోవద్దు, ఆ మాత్రే దాన్ని తగ్గించేస్తుంది. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. భోజనం చేసిన వెంటనే, మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు. ఛాతీ నొప్పి, దడ, కళ్లు చీకట్లు కమ్మడం వస్తే అక్కడే ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి. స్పృహ తప్పితే నేరుగా ఎమర్జెన్సీకే.

గుండె కండరం జబ్బంటే కదలకూడదని చాలామంది అనుకుంటారు. కదలకపోతే బరువు, బీపీ పెరిగి గుండెకు మరింత భారం. అలాగని ఈ సలహా అన్ని కండర జబ్బులకూ వర్తించదు: ఏఆర్‌వీసీలో (ఎక్కువగా కుడి జఠరిక కండరం కొవ్వుగా, మచ్చగా మారే జబ్బు) దూరపు పరుగులే జబ్బును ముదరబెడతాయి.