సమాధానం: లాంతరు చేప, గొడ్డలి చేప ఒకే క్రమానికి ఎందుకు చెందవు

హైదరాబాద్‌లో మీ కాలేజీ ప్రదర్శన చార్టులో లాంతరు చేపను, గొడ్డలి చేపను ఒకే క్రమంలో (ఆర్డర్, అంటే దగ్గరి చుట్టరికం ఉన్న కుటుంబాల సమూహం) పెట్టినందుకు తప్పని కొట్టేశారంటే, పొట్ట కింది వెలుగు చుక్కలను మీరు చుట్టరికానికి గుర్తుగా తీసుకోవడమే కారణం. ఆక్టినోటెరిజీ చేపల్లో (ముళ్ల కాడలు ఆనించిన రెక్కలున్న చేపల్లో) వెలుగునిచ్చే గుణం కనీసం 27 సార్లు విడివిడిగా పుట్టిందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది; కనుక వెలుగు ఒక్కటే చుట్టరికానికి రుజువు కాదు.

1. ముందుగా పైదవడ చూడండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. సముద్రపు గొడ్డలి చేపలో నోటి అంచున పైదవడ ఎముకలైన ప్రీమాక్సిలా (ముందుది), మాక్సిలా (దాని వెనుకది) రెండూ ఉండి, రెండింటికీ పళ్లుంటాయి కనుక అది స్టోమిఫార్మిస్ క్రమానికి చెందుతుంది. లాంతరు చేపలో మాక్సిలా అంచు నుంచి తప్పుకోగా ప్రీమాక్సిలా ఒక్కటే మిగులుతుంది కనుక అది మిక్టోఫిఫార్మిస్.

2. చుక్కల అమరికను ఆ తర్వాతే, లాంతరు చేపల్లో ఏ జాతో తేల్చడానికి వాడండి. అక్కడ అది ఎంతో నమ్మదగిన ఆధారం.

3. తలపై ఎర లాంటి కాడ ఉండే, లోతు సముద్రపు ఆంగ్లర్ చేప కూడా చార్టులో ఉంటే, దాన్ని లోఫిఫార్మిస్ క్రమం కింద విడిగా రాయండి. దాని ఎరలోని వెలుగు బాక్టీరియాది.