మొదటి వాయిదా తప్పకముందే బ్యాంకుకు ఒక కాగితం

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినవన్నీ రాత్రంతా తలలో తిరుగుతూనే ఉన్నాయి. అల్లుడికి క్యాన్సర్‌కి రెండో కీమో అయింది. సెలవులన్నీ అయిపోయాయి, వచ్చే నెల నుంచి లాస్ ఆఫ్ పే, అంటే జీతం ఉండదని కంపెనీ వాళ్లు చెప్పేశారు. 5న హోమ్ లోను, 7న పర్సనల్ లోను, 15న కార్డు బిల్లు. "బ్యాంకుకు ఇప్పుడే ఎందుకు చెప్పడం పెద్దమ్మా, చెబితే ఇంకా మీద పడతారేమో" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు నీకు. కాగితం మీద ఉంటే ఆస్పత్రి వరండాలో కూర్చుని ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

నేను 31 ఏళ్లు బ్యాంకులో చేశాను, అందులో 12 ఏళ్లు లోన్ల సీట్లోనే. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నీకు చెబుతాను. ఒక చిన్న ఊళ్లో ఉన్నప్పుడు టైర్ల షాపు ఆయన లోను మొండి బకాయి అయింది. ఫోన్ ఎత్తడు, నోటీసుకు జవాబివ్వడు. "కావాలనే తప్పించుకు తిరుగుతున్నాడు" అని ఫైల్లో రాసింది నేనే. ఇంటి గోడకు స్వాధీనం (పొజెషన్) నోటీసు అంటించిన మర్నాడు ఆయన భార్య వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాని నిండా మందుల చీటీలు. ఆయనకు పక్షవాతం వచ్చి 7 నెలలయిందట. మాట పడిపోయిన మనిషి ఫోన్ ఎలా ఎత్తుతాడు? నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఆవిడ ఎక్కడా నోరు విప్పలేదు. మొదటి మూడు నెలల్లో ఆ సంచిలోంచి ఒక్క చీటీ నా ఫైల్లోకి వచ్చి ఉంటే, గడువు పెంచమని పై ఆఫీసుకు నేనే రాసేదాన్ని. అప్పటికి నా చేతుల్లో ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్లయినా ఆ సంచి నా కళ్లముందే ఉంది.

అందుకే చెబుతున్నాను, బ్యాంకు కంప్యూటర్‌కి జబ్బు కనపడదు. దానికి తెలిసింది రోజుల లెక్క ఒక్కటే. వాయిదా తప్పిన మొదటి 30 రోజులు ఒక గడి, 60 దాకా ఇంకో గడి, 90 దాకా మూడోది. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి. ఆ గీత దాటాక ఒకటి రెండు వాయిదాలు కట్టినా లోను మామూలు స్థితికి రాదు, పాత బకాయి మొత్తం తీర్చాలి. గీత దాటకముందు మాత్రం పరిస్థితి వేరు. నువ్వు కట్టింది అన్నిటికన్నా పాత వాయిదాకి జమ అవుతుంది కాబట్టి ఒక్క ఈఎంఐ కట్టగలిగినా లెక్క ఒక నెల వెనక్కి జరుగుతుంది. సీట్లో కూర్చున్న మాకు ఇది బాగా తెలుసు, కట్టేవాళ్లకే ఎవరూ చెప్పరు.

నువ్వు ఆశపడి నిరాశపడకూడదని ఇంకో మాట. జబ్బు చేసినవాళ్ల ఈఎంఐ ఆపాలని మన దేశంలో నియమం ఏదీ లేదు. 2020లో కరోనా అప్పుడు అందరికీ మారటోరియం, అంటే వాయిదాలు ఆపుకునే వెసులుబాటు ఇచ్చారు, అది ఆ ఆరు నెలల ముచ్చట. ఇప్పుడు ఏ సాయం చేసినా ఆ బ్యాంకు సొంత పాలసీని బట్టే. పైగా కట్టలేని స్థితిలో ఉన్న లోనుని రీస్ట్రక్చర్ చేస్తే, అంటే షరతులు మారిస్తే, చాలావరకు దాన్ని అప్పుడే ఎన్‌పీఏ లెక్కలో చూపాల్సి వస్తుంది. మేనేజర్ తలూపి ఊరుకున్నాడంటే మనసు లేక అనుకోకు, ఆయన భయం అది. కాబట్టి వాయిదాలు సరిగ్గా పడుతున్నప్పుడే వెళ్లి, లోను కాలం పెంచి ఈఎంఐ తగ్గించమని అడగాలి. మీది ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ, అల్లుడికి ఇంకా పాతికేళ్ల సర్వీసు ఉంది, అడగడానికి చోటుంది. అది కుదరదంటే కొన్ని నెలలు వడ్డీ మాత్రం కట్టనివ్వమని అడుగు.

నోటితో అడిగితే అడిగినట్టు కాదమ్మా. రోజూ ఫోన్ చేసే కుర్రాళ్లు కాల్ సెంటర్ వాళ్లు, వాళ్లకి గడువిచ్చే అధికారం లేదు, వాళ్ల దగ్గర ఏడ్చి లాభం లేదు. లోను ఇచ్చిన బ్రాంచి మేనేజర్ పేర ఉత్తరం రాయి. ఒక పేజీ చాలు. లోను నంబరు, జబ్బు పేరు, ఏ రోజు బయటపడింది, జీతం ఏ నెల నుంచి ఆగుతుంది, నీ స్కూలు జీతంలోంచి ఇప్పుడు నెలకి ఎంత కట్టగలవు, ఎన్ని నెలలు అలా కావాలి. కట్టగలిగిన అంకె తప్పకుండా రాయి, అది 6,000 అయినా సరే. అంకె లేని ఉత్తరాన్ని ఏం చెయ్యాలో తోచక మేము పక్కన పెట్టేసేవాళ్లం. దానికి డాక్టరు సర్టిఫికెట్, కంపెనీ ఇచ్చిన లాస్ ఆఫ్ పే కాగితం జత చెయ్యి. సర్టిఫికెట్‌లో ఎన్ని నెలలు పనికి వెళ్లలేడో ఉండాలి, ఊరికే "ట్రీట్‌మెంట్‌లో ఉన్నాడు" అని రాస్తే సరిపోదు. నీ దగ్గరుండే కాపీ మీద బ్యాంకు సీలు, తేదీ వేయించుకో. సీలు వెయ్యం అని సాగదీస్తే గొడవ పడకుండా వచ్చి స్పీడ్ పోస్టులో పంపు, అదే ఉత్తరం ఈమెయిల్ కూడా చెయ్యి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు అన్యాయంగా ఉన్నా, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. పైసా ఖర్చు ఉండదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు. గడువు ఇప్పించే పని ఆయనది కాదు గానీ, జవాబివ్వకపోవడం, వేధించడం, తప్పుడు చార్జీలు ఇలాంటివి ఆయన చూస్తాడు.

అన్నీ కట్టలేవు కదా, ఏది ముందు అన్నావు. ఇల్లు ముందు. నీ గాజులు తాకట్టులో ఉన్నాయి కాబట్టి తరవాత గోల్డ్ లోను. దానికి అసలు కట్టలేకపోయినా వడ్డీ కట్టి రెన్యువల్ అడుగు, లేకపోతే వేలానికి వెళుతుంది. పర్సనల్ లోను, కార్డు చివర. ఇది బ్యాంకులో పనిచేసినదాన్ని చెప్పకూడని మాటేమో, అయినా నువ్వు నా చెల్లెలి కూతురివి. ఆ రెండిటికీ తాకట్టు లేదు, అందుకే వాళ్ల ఫోన్లే అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా వస్తాయి. గట్టిగా అరిచినవాడికి ముందు కట్టి ఇంటి ఈఎంఐ వదిలేసినవాళ్లను ఎంతమందిని చూశానో. చివర అంటే ఎగ్గొట్టమని కాదు, వాళ్లకీ అదే ఉత్తరం పంపాలి. కార్డు మాత్రం ఈ రోజు నుంచే వాడకం ఆపు. మినిమమ్ డ్యూ (బిల్లులో వేసే కనీస మొత్తం) మాత్రమే కడుతూ పోతే ఏడాదికి 40 శాతం దాకా వడ్డీ పడుతుంది, బాకీ తరగదు. దాన్ని తక్కువ వడ్డీకి వాయిదాల్లోకి మార్చమని అడుగు.

డబ్బు ఎక్కడ ఉంచుతున్నావో కూడా చూసుకో. లోనున్న బ్యాంకులోనే సేవింగ్స్ ఉంటే, బాకీ పడినప్పుడు అందులోంచి జమ చేసుకునే హక్కు వాళ్లకుంటుంది. సెట్ ఆఫ్ అంటాం. కీమోకని మీ బాబాయి పంపిన డబ్బు అలా పోతే ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడిపోతావు. సాయంగా వచ్చేది, నీ జీతం, అన్నీ వేరే బ్యాంకులో వేయించు. ఈఎంఐ తేదీకి ఖాతాలో డబ్బు లేదని తెలిస్తే రెండు మూడు రోజుల ముందే బ్యాంకుకు రాసివ్వు. బౌన్స్ అయిన ప్రతిసారీ చార్జీ పడుతుంది, కొన్నిచోట్ల రెండు బ్యాంకులూ వేస్తాయి.

అల్లుడి చేయి వణుకుతోంది, సంతకం కలవడం లేదన్నావు. దానికి ఒక వెసులుబాటు ఉంది. సంతకం చెయ్యలేని రోగి వేలిముద్ర వేస్తే, ఇద్దరు సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి అయితే, ఆ చెక్కు చెల్లుతుంది. చేతివేలు కుదరకపోతే కాలివేలి ముద్రయినా సరే. అధికారిని ఆస్పత్రికి పంపమని ధైర్యంగా అడుగు, నేను అలా ఎన్నోసార్లు వెళ్లాను. అతను స్పష్టంగా మాట్లాడుతున్న ఈ రోజుల్లోనే ఖాతాలో నీ పేరు చేర్పించు, ఐదర్ ఆర్ సర్వైవర్ అని, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేకపోతే మిగిలినవాళ్లు నడపొచ్చని. ఆ ఫారంలో రాసిన మాటలు చూసి మనసు కష్టపెట్టుకోకు, అవి చాలామంది భార్యాభర్తల ఖాతాల్లో ఉండేవే. ఆలస్యమై అతను స్పృహలో లేని పరిస్థితి వస్తే కోర్టు ఆర్డరు దాకా పోవాలి.

ఇంటి లోను ఇచ్చినప్పుడు ఇన్సూరెన్స్ అని ఒకేసారి ప్రీమియం కోసుకున్నారు, గుర్తుందా? ఆ పాలసీ కాగితం వెతుకు. దొరక్కపోతే బ్యాంకులో అడుగు, లోను స్టేట్‌మెంట్‌లో ఆ పద్దు కనిపిస్తుంది. చాలా పాలసీలు మనిషి పోతేనే ఇస్తాయి. కొన్నిటిలో క్యాన్సర్, గుండెపోటు, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటివి బయటపడితే చాలు డబ్బొస్తుంది, అదైతే బయాప్సీ రిపోర్టుతో వెంటనే క్లెయిమ్ పెట్టాలి. అలాగే పీఎఫ్‌లోంచి వైద్యానికి అడ్వాన్స్ తీసుకోవచ్చు, ఉద్యోగం మానాల్సిన పనిలేదు. ఎల్ఐసీ పాలసీ మీద లోను వస్తుంది, వడ్డీ కార్డుతో పోలిస్తే చాలా తక్కువ. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కార్డున్నవాళ్లకైతే జబ్బు సెలవుల్లో 70 శాతం జీతం వస్తుంది, క్యాన్సర్ లాంటి వాటికి 80 శాతం, రెండేళ్ల దాకా. అల్లుడికి అది వర్తించదు గానీ, పక్క మంచం అబ్బాయి ఏదో ఫ్యాక్టరీలో చేస్తాడన్నావే, వాళ్లమ్మకి ఈ సంగతి చెప్పు.

ఫోన్‌లో నిమిషంలో అప్పిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం చచ్చినా పోకు. "మీ లోను సెటిల్ చేయిస్తాం, ముందు ఫీజు కట్టండి" అనేవాళ్లనీ నమ్మకు. సెటిల్‌మెంట్ అవసరమైతే మనమే బ్యాంకుతో లోక్ అదాలత్‌లో మాట్లాడుకోవచ్చు. మన అప్పుల చరిత్ర చూపే సిబిల్‌లో "సెటిల్డ్" అనే మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది, అందుకని అది ఆఖరి దారి.

రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరవాత ఫోన్ చెయ్యకూడదు. చుట్టాలకి, స్నేహితులకి చేసి పరువు తియ్యకూడదు. చేస్తే తేదీ, టైము, నంబరు ఒక నోటుబుక్కులో రాసిపెట్టు.

రేపెప్పుడైనా ఇంటి మీద నోటీసు వచ్చిందనుకో, మర్నాడే వీధిలో నిలబెడతారని కంగారు పడకు. మొదటి నోటీసుకి 60 రోజుల గడువుంటుంది. ఆ లోపు నువ్వు అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. ఆ తరవాత స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. లాయరుకి డబ్బెక్కడిదంటావేమో, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. ఆ లోనులో నువ్వూ కో-అప్లికెంట్‌వే (అల్లుడితో కలిసి తీసుకున్నదానివే) కాబట్టి నోటీసు నీ పేరన కూడా వస్తుంది. వస్తే తప్పకుండా సంతకం పెట్టి తీసుకో, తిప్పి పంపకు.

5వ తారీకు ఇంకా 11 రోజులుంది. లోను మంజూరు కాగితం (శాంక్షన్ లెటరు), లోను స్టేట్‌మెంట్, బయాప్సీ రిపోర్టు, కంపెనీ కాగితం ఒక కవర్లో పెట్టి ఉంచు. శనివారం రాత్రి బస్సుకి బయలుదేరి వస్తున్నాను, ఆదివారం ఉత్తరం ఇద్దరం కూర్చుని రాద్దాం. సోమవారం బ్రాంచి తెరిచేసరికి నేను నీతో ఉంటాను. అల్లుడికి పుల్లగా ఏదైనా తినాలనిపిస్తోందన్నావు కదా, కొత్త చింతకాయ పచ్చడి తేవచ్చో లేదో డాక్టరుని అడిగి చెప్పు.

పెద్దమ్మ