రాగం కడతారా, తీస్తారా?

సందేహం: మా అబ్బాయి కీబోర్డు నేర్చుకుంటూ ‘డోరియన్ రాగంలో ట్యూన్ కట్టా’ అంటున్నాడు. డోరియన్ లాంటి పాశ్చాత్య స్వరాల అమరికని, అంటే మోడ్‌ని, రాగం అనొచ్చా? రాగం కట్టడమా, బాణీ కట్టడమా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: తెలుగులో రాగం కట్టరండీ, తీస్తారు. పిల్లాడు ఏడుపు లంకించుకున్నా రాగం తీస్తున్నాడనే అంటాం. కట్టేది పాట, వరస, బాణీ. ‘మోహనలో కట్టారు’ అంటే కట్టింది పాటనే. బాణీ అనేది ‘వాణి’కి హిందీ వేషం, హిందుస్తానీ సంగీతంలో ధ్రుపద్ పాడేవాళ్లకి అది శైలి, మనకి ట్యూన్ అయింది, కానివ్వండి.

ఇంత మంచి సందర్భంలో ‘మెట్టు’ని ఎవరూ తలుచుకోరేంటి? పాత నాటకాల పుస్తకాల్లో పాట నెత్తిన ‘ఫలానా కీర్తన మెట్టు’ అని అచ్చేసేవాళ్లు, వర్ణమెట్టు అన్నా అదే. మెట్టడం అంటే కాలు మోపడం, కాలు మోపే చోటు గుడి మెట్టు, తీగమీద వేలు నొక్కే చోటు వీణ మెట్టు. వరసకి ఆ పేరు వీణ మీంచే వచ్చిందని నా మొండి నమ్మకం. ఇప్పటి వీణకి 24 మెట్లు మైనంలో బిగించేసి ఉంటాయి, ఏ రాగమైనా పలుకుతుంది. పూర్వం అన్నీ అలా కాదు, 1550లో విజయనగరంలో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధి చూడండి, సర్వరాగమేళ వీణతో పాటు ఏకరాగమేళ వీణ కూడా చెప్తాడు, అంటే రాగానికి తగ్గట్టు మెట్లు అమర్చుకునేది. ఆ స్వరాల అమరికే మేళం. మీవాడి మోడ్ కూడా ఇంచుమించు అదే కదా! శంకరాభరణం రాగం స్వరాల్నే రిషభాన్ని (రి) షడ్జం (స) చేసుకుని వాయిస్తే ఖరహరప్రియ వస్తుంది, మనవాళ్లు గ్రహభేదం అంటారు, వాళ్లు డోరియన్ అంటారు.

కానీ మేళం రాగం కాదు. ఆరభి, దేవగాంధారి రెండింటికీ ఆరోహణ అవరోహణలు ఒకటే, అయినా చిక్కడపల్లి గానసభలో వెనక వరసలో కూర్చున్న పెద్దాయన రెండు సంగతులు వినగానే ఏది ఏదో చెప్పేస్తాడు. నడక, గమకం (స్వరాన్ని ఊపడం), ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలి అనేవి స్కేలు కాగితంలో ఉండవు మరి.

ఇక ‘పాట ట్యూన్ చేశా’ అనేవాళ్లతోనే నాకు పేచీ. వీణ ట్యూన్ చేశా అంటే శ్రుతి చేశానని, పాట ట్యూన్ చేశా అంటే వరస కట్టానని, ఒకే నోటితో రెండూ అనేస్తే ఎదుటివాడు ఏమనుకోవాలి? ‘కట్టా’ అన్నందుకు మీవాడు నయం. స్వరపరచడం కూడా మంచి మాటే.

‘ఖరహరప్రియ మేళంలో వరస కట్టా’ అంటే నాకు సంతోషం, ‘డోరియన్ మోడ్‌లో ట్యూన్ కట్టా’ అన్నా ఊరుకుంటా. డోరియన్ రాగం అంటే మాత్రం ఓసారి పాడమనండి, గాంధారం (గ), నిషాదం (ని) గమకంతో కాస్త ఊగితే అప్పుడు చూద్దాం.