కార్డుల పెట్టె: అమ్మిన కార్డు తిరిగొస్తే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఆటగాళ్ల బొమ్మలుండే కార్డు ఒకటి అమ్మారు, డబ్బు చేతికొచ్చింది, అది ఖర్చు కూడా అయిపోయింది, ఇప్పుడు కొన్నాయన వెనక్కి తీసుకోమంటున్నాడు. నేను లాయర్ని కాను. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పగలు సాఫ్ట్‌వేర్ పని, రాత్రయితే డైనింగ్ టేబుల్ మీద కార్డుల పని. మా ఆవిడ భాషలో చెప్పాలంటే ‘రెండో సంసారం’. పదమూడేళ్లుగా తిన్న దెబ్బలే నా చదువు, అందులోంచే జవాబు చెప్తాను.

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్. ఇద్దరం కలిసి ఒక గరాజ్ సేల్‌లో పాత కార్డుల పెట్టె కొన్నాం. అందులో 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన, బేస్‌బాల్ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ రూకీ కార్డు (అతని మొదటి సీజన్ కార్డు) దొరికింది. గ్రేడింగ్‌కి, అంటే కార్డు ఎంత బాగుందో చూసి పదికి మార్కులేసే పీఎస్‌ఏ లాంటి కంపెనీకి, పంపలేదు. ‘మింట్, పీఎస్‌ఏ 10 రావచ్చు’ అని టైటిల్‌లో రాసి, ముందువైపు ఫోటో ఒక్కటి పెట్టి, ‘నో రిటర్న్స్’ అని ఆన్‌లైన్‌లో 95 డాలర్లకు అమ్మాం. కార్డు చేరిన 24 రోజులకు కొన్నతను ‘కింద ఎడమ మూల మెత్తబడి ఉంది, ఇది మింట్ కాదు’ అని నిన్న రిటర్న్ అడిగాడు. మేం పంపినప్పుడు నాలుగు మూలలూ కత్తుల్లా ఉన్నాయి. తన దగ్గరున్న అరిగిన కార్డు మాకు పంపి, మాది ఉంచేసుకుంటాడని మావాడి అనుమానం. నో రిటర్న్స్ అని రాశాక కూడా తీసుకోవాల్సిందేనా? నాకైతే రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ముందు నిద్రపోండి తమ్ముడూ. అయితే రేపు పొద్దున్నే లేవండి, ఎందుకంటే గడియారం తిరుగుతోంది. ఏ సైటులో అమ్మారో మీరు రాయలేదు. ఈ వ్యాపారంలో ఎక్కువమందికి తెలిసింది ఈబే కాబట్టి అక్కడి రూల్స్ చెప్తాను. మీది వేరే సైటయితే వాళ్ల రూల్స్ పేజీ ఒకసారి తెరిచి తేదీలు సరిచూసుకోండి.

‘నో రిటర్న్స్’ అన్న మాట పనిచేసేది కొన్నవాడు మనసు మార్చుకున్నప్పుడే. ‘వర్ణించినట్టు లేదు’ అని అతను అన్నాడంటే ఆ మాట అడ్డు రాదు. కార్డు చేరాక 30 రోజుల దాకా అతనికి ఆ హక్కు ఉంది. 24వ రోజున అడిగాడు కాబట్టి గడువులోనే ఉన్నాడు. మీకేమో జవాబివ్వడానికి 3 పనిదినాలు. రిటర్న్ పోస్టేజీ కూడా మీదే. ఇది అన్యాయమని మీకు అనిపిస్తే నేను కాదనను, కానీ ఆ వాదన ఇప్పుడు పెట్టుకోకండి. మౌనంగా కూర్చుంటే సైటు వాళ్లే కేసు తేల్చి, డబ్బు మీ ఖాతాలోంచి లాగి అతనికిచ్చేస్తారు. పైగా అమ్మినవాడు పరిష్కరించకుండా మూసిన కేసుగా అది మీ రికార్డులో పడుతుంది. కాబట్టి రిటర్న్ ఒప్పుకుని లేబుల్ పంపించండి. ఒప్పుకున్నంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. అతను దొంగో కాదో నాకు తెలియదు గానీ, అతని చేతికి కర్ర ఇచ్చింది మాత్రం మీ టైటిలే. మనం మామూలుగా ‘మింట్’ అంటే ‘కొత్తగా, చక్కగా ఉంది’ అనుకుంటాం. కార్డులవాళ్ల లెక్కలో అది పొగడ్త కాదు, కొలత. పీఎస్‌ఏ స్కేల్‌లో మింట్ అంటే 9. జెమ్ మింట్ అంటే 10. 8 అంటే నియర్ మింట్-మింట్, 7 అంటే నియర్ మింట్. అంటే ఒక మూల కాస్త మెత్తబడి ఆ కార్డు 8 స్థాయిదని తేలినా, ‘మీరు చెప్పిన వస్తువు రాలేదు’ అనడానికి అతనికి ఆస్కారముంది. దానికి తోడు ‘పీఎస్‌ఏ 10 రావచ్చు’ అన్న ఆశ ఒకటి చూపించారు. గ్రిఫీ కార్డు మీద ఆ ఆశకే జనం డబ్బు పెడతారు. మామూలు కార్డుకీ 10 వచ్చిన కార్డుకీ ధరలో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత.

ఆ 24 రోజులూ అతను ఏం చేశాడో నేను ఊహించగలను. భూతద్దం పెట్టి చూసి ఉంటాడు, ఏ కార్డ్ షోలోనో గ్రేడింగ్ తెలిసినవాళ్ల చేతికిచ్చి ఉంటాడు. వాళ్లు ‘పది రాదు బాస్’ అని ఉంటారు. మా దగ్గర ఆలెన్‌లో జరిగే డాలస్ కార్డ్ షోలో ఇలాంటి సంభాషణ టేబుల్‌కి ఒకటి వినబడుతుంది. పది రాదని తెలిశాక ఆ 95 డాలర్లు అతనికి బరువనిపించాయి. అంటే మీ కార్డుని పెళ్లికి అద్దె నగ తెచ్చుకున్నట్టు వాడుకున్నాడు. మోసమా అంటే కాకపోవచ్చు. మర్యాదేనా అంటే అదీ కాదు. నా పాతికేళ్ల కొడుకు దీన్ని ‘ఫ్రీ ట్రయల్’ అంటాడు.

ఇక మీవాడి భయం సంగతి. కార్డు మార్చి పంపడం నిజంగానే జరుగుతుంది. కాబట్టి పార్సెల్ వచ్చాక ఇలా చేయండి. మీరు ఒక్కరే తెరవకండి. మీవాడిని ఫోన్ పట్టుకోమనండి. లేబుల్ కనబడేలా, కవర్ ఆరు వైపులా చూపించి, మధ్యలో ఆపకుండా వీడియో తీస్తూ తెరవండి. తర్వాత పాత ఫోటో పక్కన పెట్టి పోల్చండి. సైటులో పెట్టింది కాదు, అది చిన్నదైపోయి ఉంటుంది. మీవాడి ఫోన్‌లో ఉన్న అసలు ఫోటో. కంపెనీ లక్షల కార్డులు ఒకేలా అచ్చేసినా, ఏ రెండూ ఒకేలా తెగవు. చుట్టూ ఉన్న తెల్ల అంచు ఎడమవైపు ఎంత, కుడివైపు ఎంత, పైన ఎంత, కింద ఎంత చూడండి. సిరా చుక్కలు, అంచు మీద తెల్లటి గీరలు చూడండి. మూల మెత్తబడటం అతని చేతిలోనూ జరగొచ్చు, కానీ కోతలో వచ్చిన సెంటరింగ్‌ని, అంటే అంచుల మధ్య బొమ్మ ఎక్కడ కూర్చుందన్నదాన్ని, అంత తేలిగ్గా మార్చలేరు. మీరు వెనకవైపు ఫోటో కూడా తీసి ఉంటే ఇంకా సులువయ్యేది. అప్పర్ డెక్ వాళ్లు నకిలీలను ఆపడానికని 1989లో మొదటి సెట్‌కే వెనకవైపు హోలోగ్రామ్ అంటించారు. అది అంచుకి ఎంత దూరంలో పడిందన్నది మంచి గుర్తు.

కార్డు వేరేదని తేలితే రిఫండ్ బటన్ నొక్కకండి. తిరిగొచ్చిన వస్తువు అందాక మీకు 2 పనిదినాలు ఉంటాయి. ఆ లోపే సైటు వాళ్లని మధ్యలోకి పిలిచి, పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట ఎర్ర వలయం గీసి పంపండి. నాలుగు వాక్యాలు చాలు. ‘మా అబ్బాయి ఎంతో బాధపడుతున్నాడు’ లాంటివి వద్దు, అక్కడ చదివేవాళ్లకు రోజుకు అలాంటివి బోలెడు. తపాలాలో మోసం జరిగితే ఫిర్యాదు తీసుకోవడానికి పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్ ఉంది, ఆన్‌లైన్‌లోనే ఫారం నింపొచ్చు. ఆ ఫిర్యాదు కాపీ కూడా జత చేస్తే మీ మాటకి బరువొస్తుంది. సైటు తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలు చేసుకోవచ్చు, దానికి 30 రోజులు.

కార్డు అదే అయితే? 95 డాలర్లూ ఇచ్చేయండి, అతన్ని బ్లాక్ చేయండి, కార్డు మళ్లీ పెట్టండి. ఈసారి టైటిల్‌లో సంవత్సరం, కంపెనీ, ఆటగాడు, కార్డు నంబరు, అంతే. మీ గ్రిఫీది ఆ సెట్‌లో 1వ నంబరు కార్డు, అది రాయండి. కండిషన్ దగ్గర సైటు ఇచ్చే జాబితాలోంచి ఎంచుకోండి, సందేహముంటే ఒక మెట్టు కిందదే ఎంచుకోండి. ‘కండిషన్ ఫోటోలు చూసి మీరే నిర్ణయించుకోండి’ అని ఒక వాక్యం. నాలుగు మూలలకూ విడివిడిగా దగ్గరి ఫోటోలు. ధర పది డాలర్లు తగ్గితే తగ్గనివ్వండి.

ఇదంతా గొప్పగా చెప్తున్నాను గానీ నా కథ వినండి. 2019లో బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆలెన్ ఐవర్సన్ రూకీ ఒకటి, 1996-97 టాప్స్ క్రోమ్ అనే సెట్‌లోది, 65 డాలర్లకు అమ్మాను. కొన్నాయన ‘ఇది ఆకుపచ్చగా మారింది, ఫోటోలో అలా లేదు’ అన్నాడు. ఆ సెట్ కార్డులు ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడతాయి, ఆ జబ్బు కార్డులవాళ్లందరికీ తెలిసిందే. నేను రోషానికి పోయి ‘ఆ సెట్‌కి అది సహజం, తెలియకపోతే కొనకూడదు’ అని ఆయనకి మూడు పేరాల ఉపన్యాసం దంచాను. చివరికి కార్డు తిరిగొచ్చింది. పొద్దున కిటికీ దగ్గర పెట్టి చూస్తే గోంగూర కట్ట. నేను ఫోటో తీసింది వంటింట్లో, పసుపు బల్బు కింద! ఆ వెలుగులో పచ్చదనం మాయమైపోయింది. అబద్ధమాడింది బల్బు, మాట పడింది నేను. క్షమాపణ రాసి డబ్బు పంపాను. ఆయన ఏడాది తర్వాత నా దగ్గరే ఇంకో రెండు కార్డులు కొన్నాడు.

ఇంకో మాట. ఈబేలో 250 డాలర్లు దాటిన కార్డులు చాలావరకు కొన్నవాడి దగ్గరికి నేరుగా వెళ్లవు. మధ్యలో నిపుణుల దగ్గర ఆగి, పరీక్షయ్యాకే వెళ్తాయి. రిటర్న్ ఒప్పుకున్నా అదే దారిలో తిరిగొస్తాయి. కాబట్టి కార్డు మార్చే గొడవ ఎక్కువగా ఆ ధరకి కింద ఉన్నవాటికే, అంటే సరిగ్గా మనలాంటి వాళ్లు అమ్మేవాటికే.

ప్రశ్న: కొన్నాయన కార్డు బాగానే ఉందంటూనే ‘20 డాలర్లు వెనక్కివ్వండి, లేదంటే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పెడతా’ అంటున్నాడు. మొత్తం అమ్మిందే 48కి. పోనీలే అని ఇచ్చేద్దామా అని మా వారు అంటున్నారు. – షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: ఇవ్వకండమ్మా. మీ వారు మంచివారు, అందుకే అలా అంటున్నారు. ఫీడ్‌బ్యాక్ చూపించి డబ్బు గుంజడం ఈబే రూల్స్ ప్రకారమే తప్పు. అయితే ఆ బెదిరింపు సైటు మెసేజ్‌లలోనే ఉండాలి. ఫోన్‌కో వాట్సాప్‌కో వెళ్లిందంటే మీ దగ్గర సాక్ష్యం లేనట్టే. ‘కార్డు నచ్చకపోతే రిటర్న్ చేయండి, మొత్తం డబ్బు ఇస్తాను, కొంత మాత్రం ఇవ్వను’ అని మర్యాదగా ఒక్క లైను రాసి, అతని మీద రిపోర్ట్ పెట్టండి. ఇలాంటివాళ్లలో చాలామందికి కార్డు తిరిగివ్వాలని ఉండదు, తగ్గింపు కావాలి. రిటర్న్ అనగానే మాయమవుతారు.

ప్రశ్న: 12 డాలర్ల కార్డు మామూలు కవర్లో పంపాను, వంగిపోయిందని కొన్నతను ఫోటో పెట్టాడు. – ఆస్టిన్, టెక్సస్

జవాబు: డబ్బిచ్చేయండి, వాదించకండి. 12 డాలర్లకి మీ సాయంత్రం విలువైనది. ఇకముందు పెన్నీ స్లీవ్ (పల్చటి ప్లాస్టిక్ తొడుగు), దాని మీద టాప్‌లోడర్ (గట్టి ప్లాస్టిక్ తొడుగు), రెండు వైపులా అట్టముక్క. టాప్‌లోడర్ మూతికి తేలిగ్గా ఊడొచ్చే పెయింటర్స్ టేపు వెయ్యండి, మామూలు టేపు తీసేటప్పుడే సగం మూలలు పోతాయి. 20 డాలర్ల లోపు కార్డులకి ఈబే స్టాండర్డ్ ఎన్వలప్ అనే తపాలా పద్ధతి ఉంది, ట్రాకింగ్ కూడా వస్తుంది. ఉత్తరాల మిషన్ రోలర్ల మధ్య నుంచి వెళ్తుందని గుర్తుంచుకుని, కవర్ మరీ మందం కాకుండా చూసుకోండి.

ప్రశ్న: బాబాయ్ గారూ, నేను కూకట్‌పల్లిలో ఉంటాను, ఇంజనీరింగ్. మా అక్క డాలస్ నుంచి మీ కాలమ్ పంపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకతనికి సచిన్ కార్డు 3,500 రూపాయలకి అమ్మాను. యూపీఐలో డబ్బు వేశాడు, స్పీడ్ పోస్ట్‌లో పంపాను. వారం తర్వాత ‘మా నాన్న తిడుతున్నాడు, డబ్బు తిరిగిచ్చెయ్ బ్రో’ అంటున్నాడు. కార్డులో లోపం ఉందని మాత్రం అనడం లేదు. ఇవ్వాలా?

జవాబు: మా తెనాలిలో నేను ఎదుర్కొన్న మొదటి రిటర్న్ కేసు కూడా ఇలాంటిదే. ట్రంప్ కార్డుల ఆటలో పక్కింటి వాడి దగ్గర కపిల్‌దేవ్‌ని గెలిచాను. సాయంత్రానికి వాళ్లమ్మ వచ్చి మా అమ్మతో మాట్లాడింది. అమ్మ అప్పీలుకి అవకాశమివ్వలేదు, కపిల్‌దేవ్ వెనక్కి వెళ్లిపోయాడు.

నీ సంగతికొస్తే, ‘నాన్న తిడుతున్నాడు’ అన్న మాట నన్ను ఆపింది. ముందు అతని వయసు అడుగు. 18 నిండకపోతే మన కాంట్రాక్ట్ చట్టం, 1872 నాటిది, దాని ప్రకారం ఆ ఒప్పందమే చెల్లదు. వాళ్ల నాన్న గట్టిగా పట్టుకుంటే నీకు నిలబడే చోటుండదు. అప్పుడు ఆయనతోనే మాట్లాడు, కార్డు నీ చేతికొచ్చాక డబ్బు వెయ్యి. పోస్టల్ ఖర్చు వాళ్లని పెట్టుకోమను.

18 నిండితే మాత్రం, లోపం లేదని అతనే ఒప్పుకుంటున్నాడు, రిటర్న్ తీసుకుంటానని నువ్వు మాటివ్వలేదు. కుదరదని చెప్పొచ్చు. నేనైతే ‘ఆ కార్డు అమ్మిపెడతాను, వచ్చినంత నీకు పంపుతాను’ అంటాను. ఇకనుంచి డబ్బు తీసుకునే ముందే చాట్‌లో రెండు లైన్లు రాయి: రిటర్న్ ఉందా లేదా, ఫిర్యాదు చేయాలంటే కవర్ తెరిచిన వీడియో ఉండాలా వద్దా. అతను ‘ఓకే’ అన్నాకే నీ యూపీఐ ఐడీ పంపు.

ఆ సచిన్ తిరిగొస్తే మళ్లీ అమ్మకానికి పెట్టే ముందు నాకు ఫోటో పంపు. రెండు వైపులా, పగటిపూట, కిటికీ దగ్గర.