మాటకారి అమ్మాయికి ఇంత బెంగ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. మూడో ఏట జన్యు పరీక్షలో విలియమ్స్ సిండ్రోమ్ అని తేలింది. కొత్తవాళ్లతో కూడా ఎంతో చనువుగా మాట్లాడుతుంది. కానీ పుట్టినరోజు వేడుకకు వెళ్తే, బెలూన్లు కనిపించగానే చెవులు మూసుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వచ్చే వారం ప్రయాణం ఉందని చెబితే చాలు, ‘ఎప్పుడు వెళ్తాం? ఎవరు వస్తారు?’ అని రోజుకు ఇరవైసార్లు అడుగుతుంది. చెప్పిన పని సగంలో వదిలేస్తుంది. ఇది మొండితనమా, సమస్యలో భాగమా? – ఒక తల్లి

జవాబు: మొండితనం కాదమ్మా. మీరు రాసిన మూడు విషయాలూ వేర్వేరుగా కనిపిస్తున్నా వాటి మూలాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి.

ఏడో క్రోమోజోమ్ జతలో ఒకదాని మీద దాదాపు 26 నుంచి 28 జన్యువులున్న చిన్న ముక్క లోపించడం వల్ల ఈ సిండ్రోమ్ వస్తుంది. 1961లో న్యూజిలాండ్‌కు చెందిన గుండె వైద్యుడు జె.సి.పి. విలియమ్స్, ఆయన సహచరులు దీన్ని వివరించినప్పుడు వారి దృష్టి ప్రధానంగా గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం సన్నబడటం మీద ఉంది. మనసుకు సంబంధించిన కోణం ఆ తరువాతే స్పష్టమైంది. ఈ పిల్లలకు మనుషులంటే బెరుకు తక్కువ. శబ్దాలన్నా, కొన్ని ప్రత్యేకమైన వస్తువులన్నా, ముఖ్యంగా జరగబోయే వాటి గురించైనా భయం చాలా ఎక్కువ. అందుకే కలుపుగోలుతనాన్ని చూసి ‘ఈ అమ్మాయికి బెంగేమిటి’ అని అందరూ పొరబడుతుంటారు.

ఇక ఆలోచనా నైపుణ్యాల సంగతి. విన్న విషయాన్ని మనసులో నిలుపుకుంటూనే దానితో పని చేయడం, తొందరపాటును ఆపుకోవడం, ఒక ఆలోచన నుంచి మరోదానికి మళ్లడం, పనిలోని దశలను వరుసగా పేర్చుకోవడం వీరికి కష్టం. ‘శనివారం వెళ్తాం’ అన్న మీ జవాబు ఆమె చెవిన పడుతుంది. కానీ శనివారానికి ఇంకెన్ని రోజులుందో, ఈలోగా ఏమేం జరగాలో ఆ జవాబు ఆధారంగా ఊహించుకోలేకపోవడం వల్ల అనిశ్చితి అలాగే మిగిలిపోతుంది, ప్రశ్న మళ్లీ నోటికి వస్తుంది. మరోవైపు, ఆ బెంగతో నిండిన మనసులో చేస్తున్న పనికి చోటుండదు కనుక పని సగంలో ఆగిపోతుంది.

కాబట్టి జ్ఞాపకం మీది బరువును కాస్త కాగితం మీదికి దించండి. అలాగని పెద్ద టైమ్‌టేబుల్ గీయవద్దు. ఆకారాలను, స్థలాలను పోల్చుకోవడంలో వీరు బలహీనులు కనుక గళ్ల పట్టిక మరింత గందరగోళపెడుతుంది. వెళ్లే చోటి ఫొటో ఒకటి, దాని కింద పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం చాలు. మళ్లీ అడిగినప్పుడు నోటితో జవాబు చెప్పకుండా ‘కార్డు చూద్దాం రా’ అనండి. ప్రయాణం గురించి మరీ ముందుగా కాక ఒకటి రెండు రోజుల ముందు చెబితే మేలు. ఎన్ని రోజులన్నది మీ అమ్మాయిని గమనించి మీరే తేల్చుకోవాలి.

బెలూన్ల భయాన్ని బలవంతంగా వదిలించడానికి ప్రయత్నించవద్దు. ముందు ఊదని బెలూన్‌ను చేతిలో పెట్టండి. మరికొన్నాళ్లకు కొద్దిగా ఊది, గాలి వదిలి, అది గదిలో ఎగిరిపడుతుంటే కలిసి నవ్వండి. చిట్టచివరికి, ఆమె ఇష్టపడితేనే, సూది ఆమె చేతికే ఇవ్వండి. ఎప్పుడు పగులుతుందో తానే నిర్ణయిస్తే ఆ శబ్దం అంత భయపెట్టదు. శబ్దాన్ని ఆపే హెడ్‌ఫోన్లు తప్పనిసరి సందర్భాలకే వాడండి. రోజంతా పెట్టుకుంటే చెవుల సున్నితత్వం పెరగవచ్చు. వయసుతోపాటు వీరిలో వినికిడి తగ్గే అవకాశమూ ఉంది కనుక చెవి పరీక్షలు మానవద్దు.

బెంగ ఉన్నట్టుండి పెరిగితే ముందు శరీరాన్ని అనుమానించాలి. మలబద్ధకం, పంటినొప్పి, థైరాయిడ్ సమస్య, రక్తంలో కాల్షియం పెరగడం వంటివి బెంగ రూపంలో బయటపడవచ్చు. (సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను: విటమిన్ డి కాల్షియాన్ని ఇంకా పెంచవచ్చు కనుక వైద్యులను అడగకుండా ఆ చుక్కలు, మాత్రలు ఇవ్వవద్దు.) వీరికి తగినట్లు మార్చిన ప్రవర్తనా చికిత్స ఉపయోగపడుతుంది. అదొక్కటే చాలకపోతే మానసిక వైద్యులు మందులు సూచించవచ్చు. కొన్ని మందులు గుండె లయను ప్రభావితం చేస్తాయి కనుక, మొదలుపెట్టే ముందు గుండె వైద్యుల అభిప్రాయం తీసుకోవలసిందే.

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు, ఇదే సిండ్రోమ్. ‘ఇంత బాగా మాట్లాడేవాడు ఈ చిన్న పని చేయలేడా’ అని పనిచేసే చోట విసుక్కుంటున్నారు. వాడు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. – ఒక తండ్రి

జవాబు: అతని మాటను బట్టి పనితీరును అంచనా వేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇలాంటి చోట బెంగ పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. పై అధికారిని కలిసి, ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒకటి పూర్తయ్యాక మరొకటి చెప్పమని, చెప్పినదాన్ని చీటీ మీద రాసి ఇమ్మని కోరండి. ‘అర్థమైందా’ అని అడిగితే మొహమాటంతో అతను అవుననే అంటాడు. ‘ఇప్పుడు మొదట ఏం చేస్తావు’ అని అడగమనండి. నిద్రలేమి రెండు మూడు వారాలు దాటితే వైద్యులకు చూపించండి.